ఆంప్లిఫయరు ఎందుకు ఆగిపోతుంది?

సినిమాహాలులో వినిపించే ధ్వనిని ఇంట్లోనే వినాలనే కోరికతో చాలామంది 'హోమ్ థియేటరు' అమర్చుకొంటున్నారు. టెలివిజనుకు ఇరువైపులా రెండు స్పీకర్లు, మధ్యలో ఒకటి, వెనుకవైపు రెండు, ఒక మూలన బరువైన శబ్దాల కోసం పెద్ద పెట్టె ఉంటాయి. ఈ అమరికనే 5.1 అంటారు. ఈ స్పీకర్లకు శక్తినిచ్చే యంత్రం ఆంప్లిఫయరు.

ఈ యంత్రం విషయంలో తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటి ఉంది. మెల్లగా పెట్టినంతసేపు పాట చక్కగా వస్తుంది. పండుగనాడు చుట్టాలంతా చేరారని కాస్త గట్టిగా పెట్టగానే 'టిక్' మని చిన్న చప్పుడు వినిపించి, పాట ఆగిపోతుంది. ముందుభాగంలో ఎర్రదీపం ఆరి వెలుగుతూ ఉంటుంది. ఆపి మళ్ళీ వేస్తే పనిచేస్తుంది. శబ్దం పెంచగానే మళ్ళీ ఆగిపోతుంది. ఇలా జరిగినప్పుడు యంత్రం పాడైపోయిందనే అనుకొంటాం. నిజానికి చాలా సందర్భాలలో అది పాడైపోలేదు. పాడైపోకుండా తన్ను తాను కాపాడుకొన్నది. ఎవరినుండి, దేనినుండి కాపాడుకొన్నదో తెలుసుకోవడమే ఈ పాఠంలోని విషయం.

ఆంప్లిఫయరు చేసే పని

డిస్కునుండి గాని, టెలివిజనునుండి గాని వచ్చే ధ్వని సంకేతం చాలా బలహీనమైనది. అది స్పీకరును కదిలించలేదు. స్పీకరు లోపల ఒక అయస్కాంతం, దాని నడుమ సన్నని తీగచుట్ట, ఆ చుట్టకు అతికించిన కాగితపు గరాటు ఉంటాయి. తీగచుట్టలో విద్యుత్తు అటూ ఇటూ ప్రవహించినప్పుడు గరాటు ముందుకూ వెనుకకూ కదులుతుంది. ఆ కదలిక గాలిలో అలలను పుట్టిస్తుంది. అదే మనకు వినిపించే ధ్వని. గరాటును కదిలించడానికి తగినంత విద్యుత్తు కావాలి. బలహీన సంకేతాన్ని ఆధారంగా తీసుకొని, గోడ ప్లగ్గునుండి వచ్చే విద్యుత్తుతో దానికి బలమైన ప్రతిరూపాన్ని తయారుచేసి ఇచ్చేదే ఆంప్లిఫయరు.

1906లో అమెరికాకు చెందిన లీ డి ఫారెస్ట్ తయారుచేసిన మూడు ధ్రువాల వాల్వుతో బలహీన సంకేతాలను పెంచే మార్గం దొరికింది. 1947లో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టింది. తరువాతి కాలంలో వాల్వుల స్థానాన్ని ట్రాన్సిస్టర్లు ఆక్రమించాయి. ఇవి చిన్నవి, చవకైనవి, ఎక్కువకాలం పనిచేసేవి. అయితే వీటికొక బలహీనత ఉంది. మోయగలిగినదానికంటే ఎక్కువ విద్యుత్తు ప్రవహించినా, వేడి హద్దు మీరినా క్షణంలో మాడిపోతాయి. ఒకసారి మాడిన ట్రాన్సిస్టరు తిరిగి బాగుపడదు.

శబ్దం కొంచెం, శక్తి చాలా

శబ్దపు మీటను కొద్దిగా తిప్పితే శక్తి కూడా కొద్దిగానే ఖర్చవుతుందని అనుకోవడం సహజం. కాని మన చెవి స్వభావం వేరు. ధ్వని తీవ్రతను డెసిబెళ్ళలో కొలుస్తారు. 3 డెసిబెళ్ళు పెరగాలంటే ఆంప్లిఫయరు ఇచ్చే శక్తి రెండింతలు కావాలి. 10 డెసిబెళ్ళు పెరగాలంటే పదింతలు కావాలి. 10 డెసిబెళ్ళు పెరిగినప్పుడే శబ్దం సుమారు రెట్టింపైనట్లు మనకు తోస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. గదిలో కూర్చొని మామూలుగా పాట వినడానికి 1 వాటు శక్తి చాలిందనుకొందాం. శబ్దం రెట్టింపుగా తోచాలంటే 10 వాట్లు కావాలి. అందుకు మరో రెట్టింపు కావాలంటే 100 వాట్లు కావాలి. స్పీకరు నిరోధం 8 ఓములైతే, 1 వాటు వద్ద ప్రవహించే విద్యుత్తు సుమారు 0.35 ఆంపియరు, 100 వాట్ల వద్ద సుమారు 3.5 ఆంపియర్లు. అంటే మన చెవికి నాలుగింతలుగా తోచిన మార్పుకు తీగలో ప్రవాహం పదింతలైంది. పైగా పాటలో శబ్దం ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదు. గాత్రం సాగుతున్నప్పుడు తక్కువ శక్తి చాలు. డోలు మీద దెబ్బ పడినప్పుడు ఒక్కసారిగా ఎంతో శక్తి కావలసివస్తుంది. అందుకే యంత్రం చాలాసార్లు సరిగ్గా దరువు పడినప్పుడే ఆగిపోతుంది.

ఓముల లెక్క

విద్యుత్ప్రవాహాన్ని అడ్డుకొనే గుణాన్ని నిరోధం అంటారు. వోల్టేజికి, ప్రవాహానికి, నిరోధానికి ఉన్న సంబంధాన్ని జర్మనీ శాస్త్రవేత్త ఓమ్ 1827లో వివరించాడు. అతని పేరుమీదనే నిరోధాన్ని ఓములలో కొలుస్తున్నాం. వోల్టేజిని నిరోధంతో భాగిస్తే ప్రవాహం వస్తుంది. నిరోధం సగమైతే ప్రవాహం రెట్టింపవుతుంది.

ఆంప్లిఫయరు 20 వోల్టులు ఇస్తున్నదనుకొందాం. దానికి 8 ఓముల స్పీకరు కలిపితే ప్రవాహం 2.5 ఆంపియర్లు, శక్తి 50 వాట్లు. 4 ఓముల స్పీకరు కలిపితే ప్రవాహం 5 ఆంపియర్లు, శక్తి 100 వాట్లు. 2 ఓములైతే ప్రవాహం 10 ఆంపియర్లు, శక్తి 200 వాట్లు. స్పీకరు ఓములు తగ్గినకొద్దీ ఆంప్లిఫయరు మీద భారం పెరుగుతుందన్నమాట.

ఈ భారం మనకు తెలియకుండానే పెరిగే సందర్భం ఒకటి ఉంది. ముందు గదిలో ఉన్న స్పీకరుకు తోడుగా వంటింట్లోనో, వసారాలోనో మరొక స్పీకరు పెట్టాలనుకొంటాం. రెండింటి తీగలనూ ఒకే బిగింపు వద్ద కలిపివేస్తాం. విద్యుత్తుకు ఒక దారి బదులు రెండు దారులు ఏర్పడతాయి. 8 ఓముల స్పీకర్లు రెండింటిని ఇలా పక్కపక్కన కలిపితే మొత్తం నిరోధం 16 ఓములు కాదు, 4 ఓములే. 4 ఓములవి రెండు కలిపితే 2 ఓములు మాత్రమే. తక్కువ శబ్దం వద్ద ఈ భారాన్ని యంత్రం మోస్తుంది. శబ్దం పెంచగానే మోయలేక ఆగిపోతుంది.

ఏ స్పీకరు వెనుకనైనా దాని ఓములు ముద్రించి ఉంటాయి. ఆంప్లిఫయరు వెనుక కూడా ఎన్ని ఓములకు తక్కువ కాని స్పీకర్లు కలపాలో రాసి ఉంటుంది. ఈ రెండు అంకెలను పోల్చి చూడటం అందరూ చేయగల పని. చాలా లోపాలు ఇక్కడే బయటపడతాయి.

వేడి, గాలి

ఆంప్లిఫయరు తాను తీసుకొన్న విద్యుత్తునంతా స్పీకరుకు ఇవ్వలేదు. ఒక భాగం దానిలోనే వేడిగా మారుతుంది. ఈ వేడిని బయటికి పంపడానికి ట్రాన్సిస్టర్లను అల్యూమినియం రెక్కలకు బిగిస్తారు. రెక్కల మధ్యనుండి గాలి పైకి పోతూ వేడిని తీసుకొనిపోతుంది. పెట్టె పైభాగాన, అడుగున సన్నని చీలికలు ఉండేది ఇందుకే.

మన ఇళ్ళలో వస్తువులను శుభ్రంగా, అందంగా ఉంచాలన్న ఆసక్తి ఎక్కువ. దుమ్ము పడకుండా ఆంప్లిఫయరు మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పుతాం. దాని మీద డిస్కు పెట్టె, ఆ పైన పూలసజ్జ పెడతాం. లేదా అద్దాల అలమరలో పెట్టి తలుపు మూస్తాం. వేడిగాలికి దారి ఉండదు. అరగంటో గంటో గడిచేసరికి లోపలి వేడి హద్దు దాటుతుంది. అల్యూమినియం రెక్కలకు అమర్చిన వేడిని గుర్తించే పరికరం యంత్రాన్ని ఆపివేస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నాలలో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. ఏళ్ళ తరబడి పేరుకొన్న దుమ్ము కూడా గుడ్డ కప్పినంత పనీ చేస్తుంది.

లోపలి కావలి

మంచి ఆంప్లిఫయర్లన్నిటిలోనూ ఒక రక్షణ వలయం ఉంటుంది. అది ముఖ్యంగా మూడు విషయాలను కనిపెడుతూ ఉంటుంది. ప్రవాహం హద్దు మీరిందా అనేది మొదటిది. వేడి ఎక్కువైందా అనేది రెండవది. స్పీకరుకు వెళ్ళే దారిలోకి ఏకముఖ విద్యుత్తు చొరబడిందా అనేది మూడవది.

ఈ మూడవదాన్ని కొంచెం వివరంగా తెలుసుకోవాలి. స్పీకరుకు వెళ్ళవలసినది అటూ ఇటూ మారే విద్యుత్తు. లోపలి ట్రాన్సిస్టరు ఒకటి మాడిపోతే ఒకేవైపు ప్రవహించే విద్యుత్తు స్పీకరులోకి పోతుంది. అప్పుడు గరాటు ఒకవైపుకు నెట్టుకొనిపోయి అక్కడే నిలిచిపోతుంది. తీగచుట్ట కదలదు గనుక చల్లబడదు. కొద్ది క్షణాలలో మాడి పొగవస్తుంది. పక్కన తెర గుడ్డలుంటే నిప్పు అంటుకొనే ప్రమాదం కూడా ఉంది. దీన్ని అడ్డుకోవడానికి ఆంప్లిఫయరుకు, స్పీకరుకు మధ్య 'రిలే' అనే మీట ఉంటుంది. స్విచ్చి వేసిన కొన్ని సెకన్ల తరువాత 'టిక్' మని వినిపించేది రిలే కలిసిన చప్పుడు. లోపల అంతా సవ్యంగా ఉందని తేలిన తరువాతనే అది స్పీకర్లను కలుపుతుంది. అపాయం కనిపిస్తే వెంటనే విడదీస్తుంది.

లోపం వెతికే పద్ధతి

వైద్యుడు నాడి చూసి, జ్వరం ఎప్పుడు వస్తున్నదో అడిగి తెలుసుకొన్నట్లే మనం కూడా ముందు లక్షణాలను గమనించాలి. యంత్రం ఎప్పుడు ఆగుతున్నది అనే ప్రశ్నకు జవాబు దొరికితే సగం పని పూర్తయినట్లే.

శబ్దం పెంచగానే, దరువు పడిన క్షణంలోనే ఆగిపోతే అది ఎక్కువ ప్రవాహం వల్ల కావచ్చు. స్పీకర్లను, తీగలను అనుమానించాలి. అరగంట పాడిన తరువాత, పైభాగం చెయ్యి పెట్టలేనంత వేడెక్కి ఆగిపోతే, చల్లబడిన తరువాత మళ్ళీ పనిచేస్తే అది వేడి వల్ల కావచ్చు. గాలి దారులను చూడాలి. స్విచ్చి వేసిన వెంటనే, అసలు పాట పెట్టకుండానే ఆగిపోతే లోపల భాగం ఏదో చెడిపోయి ఉండవచ్చు. ఇంట్లో దీపాలు మసకబారినప్పుడు మాత్రమే ఆగిపోతే ఇంటికి వచ్చే వోల్టేజిని అనుమానించాలి. మన దేశంలో ఇళ్ళకు ఇవ్వవలసిన వోల్టేజి 230. అది బాగా తగ్గితే కొన్ని యంత్రాలు పనిచేయలేక ఆగిపోతాయి.

లక్షణాలను గమనించిన తరువాత పరీక్షలు మొదలుపెట్టాలి. ప్రతి పరీక్షకు ముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడదీయాలి. పెద్దవారు దగ్గర ఉండగానే చేయాలి. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేయాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే లోపం పోయినా దేనివల్ల పోయిందో తెలియదు.

మొదట తీగల చివరలను చూడాలి. స్పీకరు తీగలో జుట్టువంటి సన్నని రాగిపోగులు చాలా ఉంటాయి. బిగింపు వద్ద ఒక పోగు బయటికి వచ్చి పక్క బిగింపును తాకినా చాలు, విద్యుత్తు స్పీకరు గుండా పోకుండా అడ్డదారిన పోతుంది. పోగులన్నిటినీ కలిపి మెలిపెట్టి గట్టిగా బిగించాలి. తీగను తలుపు నలిపినచోట, ఎలుక కొరికినచోట, మేకు దిగినచోట పైతొడుగు పోయిందేమో చూడాలి.

రెండవది, స్పీకర్లన్నిటి తీగలూ ఊడదీసి, ఆంప్లిఫయరును ఒంటరిగా వేసి చూడాలి. అప్పుడు కూడా ఆగిపోతే లోపం యంత్రంలోనే ఉంది. మరమ్మతు తెలిసినవారికి ఇవ్వాలి. ఆగకపోతే ఒక్కొక్క స్పీకరునే కలుపుతూ, శబ్దాన్ని మెల్లగా పెంచుతూ పరీక్షించాలి. ఏ స్పీకరు కలిపినప్పుడు ఆగిపోయిందో గుర్తుపెట్టుకోవాలి.

మూడవది, తారుమారు పరీక్ష. ఎడమవైపు స్పీకరు కలిపినప్పుడు ఆగిపోతున్నదనుకొందాం. ఆ స్పీకరును దాని తీగతో సహా కుడివైపు బిగింపుకు మార్చాలి. కుడివైపుదాన్ని ఎడమకు మార్చాలి. ఇప్పుడు కుడివైపు కలిపినప్పుడు ఆగిపోతే లోపం స్పీకరుతో పాటు వెళ్ళిందన్నమాట. స్పీకరులోనో, తీగలోనో ఉంది. అలాగాక ఇంకా ఎడమవైపే ఆగిపోతుంటే లోపం ఆంప్లిఫయరు ఎడమ భాగంలో ఉంది. కొత్త వస్తువు ఏదీ కొనకుండానే, పైసా ఖర్చు లేకుండానే ఈ సంగతి తేలిపోతుంది.

నాలుగవది, మల్టీమీటరుతో పరీక్ష. తీగను ఆంప్లిఫయరునుండి ఊడదీసి దాని రెండు చివరల మధ్య నిరోధం కొలవాలి. 8 ఓముల స్పీకరుకు మీటరు 6, 7 ఓములు చూపుతుంది. 4 ఓముల స్పీకరుకు 3, 3.5 ఓములు చూపుతుంది. తగ్గిందని కంగారుపడనక్కరలేదు. మీటరు కొలిచేది తీగచుట్ట నిరోధాన్ని మాత్రమే. స్పీకరు మీద ముద్రించినది అటూ ఇటూ మారే విద్యుత్తుకు వర్తించే విలువ. మీటరు 1 ఓముకన్న తక్కువ చూపితే ఎక్కడో తీగలు ఒకదానినొకటి తాకుతున్నాయి. ముల్లు అసలు కదలకపోతే, లేదా అంకెల మీటరు హద్దు దాటినట్లు చూపితే, తీగ తెగిపోయింది.

లోపం ఏమీ లేదని తేలినా ఇంకా ఆగిపోతుంటే మన కోరికే యంత్రం శక్తికి మించి ఉండవచ్చు. కొన్ని పెట్టెల మీద 'పి.ఎం.పి.ఓ.' అని వేసి వేల వాట్లు ముద్రిస్తారు. ఆ అంకెకు అందరూ అంగీకరించిన కొలత పద్ధతి ఏదీ లేదు. 'ఆర్.ఎం.ఎస్.' అని రాసిన వాట్లనే చూడాలి. యంత్రం గోడ ప్లగ్గునుండి తీసుకొనే వాట్లు వెనుకభాగాన రాసి ఉంటాయి. 100 వాట్లు తీసుకొనే యంత్రం ఎడతెగకుండా 1,000 వాట్లు ఇవ్వడం అసాధ్యం. కుండలో లేని నీరు చెంబులోకి ఎలా వస్తుంది?

ఇటువంటప్పుడు ఒక ఉపాయం ఉంది. చాలా హోమ్ థియేటరు యంత్రాలలో స్పీకర్లు 'చిన్నవి' అని తెలియజేసే ఏర్పాటు ఉంటుంది. అలా మార్చితే సుమారు 80 హెర్ట్జుల కన్న తక్కువ ఉన్న బరువైన శబ్దాలు మూలనున్న పెద్ద పెట్టెకు వెళ్తాయి. సాధారణంగా ఆ పెట్టెకు సొంత ఆంప్లిఫయరు ఉంటుంది. అసలు యంత్రం మీద భారం తగ్గుతుంది.

చేయకూడని పనులు

ఆగిపోయిన యంత్రాన్ని వెంటవెంటనే మళ్ళీ మళ్ళీ వేయరాదు. లోపం ఉన్నచోటికి ప్రతిసారీ విద్యుత్తును పంపినట్లవుతుంది. ఫ్యూజు పోతే దాని స్థానంలో లావుపాటి రాగితీగ చుట్టరాదు. అదే విలువ ఉన్న ఫ్యూజునే వేయాలి. రక్షణ వలయాన్ని తొలగించి, రిలేను నేరుగా కలిపివేస్తే పాట ఆగదని కొందరు సలహా ఇస్తారు. ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా. కుక్క మొరుగుతున్నదని దాన్ని కట్టివేస్తే లాభపడేది దొంగే. పెట్టె పైమూతను పిల్లలు ఎన్నడూ తెరవరాదు. ప్లగ్గు ఊడదీసిన తరువాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో విద్యుత్తు నిలువ ఉంటుంది. తాకితే గట్టి దెబ్బ తగులుతుంది.

మరొక విషయం. స్పీకర్లకు హద్దు ఉన్నట్లే మన చెవులకూ హద్దు ఉంది. 85 డెసిబెళ్ళకు మించిన శబ్దాన్ని రోజూ గంటల తరబడి వింటే వినికిడి శక్తి క్రమంగా తగ్గుతుంది. మాడిన స్పీకరును మార్చవచ్చు. లోపలి చెవిలో చెడిన సున్నితమైన కణాలు తిరిగి మొలవవు. చెవికి రిలే లేదు. మన దేశంలో 2000వ సంవత్సరంలో వచ్చిన ధ్వనికాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాలలో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు దాటరాదు. పొరుగింట్లో చదువుకొనే పిల్లలు, జబ్బుపడిన పెద్దలు ఉంటారని గుర్తుంచుకోవాలి.

ఆంప్లిఫయరు కోసం చెప్పుకొన్న ఈ పద్ధతి దానికి మాత్రమే పరిమితం కాదు. నీళ్ళు తోడే మోటారు ఆగినా, మిక్సీ మధ్యలో నిలిచిపోయినా ఇదే వరుస పనికివస్తుంది. ఎప్పుడు ఆగుతున్నదో గమనించడం, అనుమానాలను వరుసగా రాసుకోవడం, ఒక్కొక్కదాన్ని విడదీసి పరీక్షించడం, తేలిన తరువాతనే చెయ్యి చేసుకోవడం. యంత్రం ఆగినప్పుడు దాని మీద కోపం తెచ్చుకొనేవాడు డబ్బు పోగొట్టుకొంటాడు. ఎందుకు ఆగిందని అడిగేవాడు విద్య నేర్చుకొంటాడు.

ప్రశ్నలు

1. శబ్దం రెట్టింపుగా తోచాలంటే ఆంప్లిఫయరు ఇచ్చే శక్తి ఎన్నింతలు కావాలి?
2. 8 ఓముల స్పీకర్లు రెండింటిని ఒకే బిగింపు వద్ద కలిపితే ఏమవుతుంది? లెక్కతో వివరించండి.
3. రిలే చేసే పని ఏమిటి? దాన్ని తొలగిస్తే కలిగే నష్టాలేవి?
4. తారుమారు పరీక్షను సొంత మాటలలో రాయండి.
5. మీ ఇంట్లో ఏదైనా యంత్రం ఆగిపోయినప్పుడు లోపాన్ని ఎలా వెతుకుతారో వరుసక్రమంలో రాయండి.